స్మృతిసేతువు

ఒక ఒడ్డున నున్నవానిని రెండవ ఒడ్డునకు చేర్చుట వంతెన పని. కాని కొన్ని వంతెనలు కాలక్రమమున మరియొక బాధ్యతను గూడ వహించును. వెడలిపోయినవారిని, తిరిగిరానివారిని జ్ఞాపకమున నిలుపుటయే ఆ బాధ్యత. న్యూజీలాండు దేశములోని క్రైస్ట్‌చర్చ్ నగరమున, ఏవన్ నదిపై, కాషెల్ వీధిలో అట్టి వంతెన యొకటి కలదు. దానిని అచటివారు బ్రిడ్జ్ ఆఫ్ రిమెంబరెన్స్ అందురు. తెలుగున స్మృతిసేతువు అనవచ్చును.

మొదటి ప్రపంచయుద్ధ కాలమున ఆ నగరపు సైనికులు తమ బారకులనుండి రైలుస్టేషనునకు నడచిపోవుచు ఈ స్థలముననే నదిని దాటెడివారు. తల్లులు, భార్యలు, బిడ్డలు వీధికిరువైపుల నిలిచి వారిని సాగనంపిరి. వారిలో ననేకులు మరల ఆ నదిని దాటలేదు. యుద్ధానంతరము పౌరులు తమ స్మారకచిహ్నమును ఏ ఉద్యానవనముననో నిలుపక, ఆ అడుగులు పడినచోటనే నిర్మింప నిశ్చయించిరి. 1923 ఏప్రిల్ 25వ తేదీన గవర్నరు జనరలు జెల్లికో ప్రభువు శంకుస్థాపన చేసెను. 1924 నవంబరు 11వ తేదీన, యుద్ధవిరమణ దినమున, వంతెనయు, దాని శిరమున నిలిచిన రాతి తోరణమును ప్రారంభింపబడినవి.

శంకుస్థాపనకు ఏప్రిల్ 25వ తేదీని ఎన్నుకొనుట యాదృచ్ఛికము కాదు. 1915లో ఆ దినముననే ఆస్ట్రేలియా, న్యూజీలాండు సేనలు గల్లిపోలి తీరమున దిగినవి. భారతదేశపు పర్వత ఫిరంగిదళములును అదే దినమున అదే తీరమున దిగి వారి పక్షమున పోరాడినవి. ఈ వంతెనకు భారతదేశముతో మరియొక సంబంధము గూడ కలదు. దీని రూపశిల్పి విలియం గమ్మర్ యువకుడుగా నున్నపుడు లండనులో ఎడ్విన్ లట్యెన్స్ కార్యాలయమున పనిచేసినవాడు. ఢిల్లీలోని ఇండియా గేటును రూపొందించినవాడు ఆ లట్యెన్సే. 1921లో శంకుస్థాపన జరిగి 1931లో ప్రారంభమైన ఆ తోరణమును ప్రతిదినము చూచు ఉద్యోగులకు క్రైస్ట్‌చర్చ్ తోరణము బొత్తిగా పరాయిదిగా తోచదు. ఒకే యుద్ధపు దుఃఖము రెండు దేశములందును తోరణరూపము దాల్చినది. క్రైస్ట్‌చర్చ్ తోరణముపై శిల్పములను ఫ్రెడరిక్ గర్న్సీ అను శిల్పి చెక్కెను.

మొదట ఈ వంతెనపై వాహనములును తిరిగెడివి. 1970 దశకమున వాటిని నిలిపివేసి, దీనిని పాదచారులకే విడిచిరి. అప్పటినుండి ఇది నగరమధ్యమున కాలివంతెనయై, అంగళ్లకు పోవువారికి నిత్యమార్గమైనది.

2010 సెప్టెంబరు 4వ తేదీ తెల్లవారుజామున నగరమునకు పడమటగా 7.1 పరిమాణముగల భూకంపము సంభవించినది. ఆస్తినష్టము విశేషమే యైనను నగరము తేరుకొనగలిగెను. కాని 2011 ఫిబ్రవరి 22వ తేదీ మధ్యాహ్నము 12 గంటల 51 నిమిషములకు వచ్చిన రెండవ భూకంపము అట్లు విడువలేదు. దాని పరిమాణము 6.2 మాత్రమే. అయినను అది నగరమునకు మిక్కిలి చేరువలో, భూమికి కొలదిలోతున పుట్టినది. 185 మంది ప్రాణములు కోల్పోయిరి. భూకంపపు సంఖ్యను మాత్రమే చూచి దాని ఉపద్రవమును లెక్కకట్టరాదని ఆ దినము బోధించినది. స్మృతిసేతువు కూలలేదు గాని దెబ్బతిన్నది. పౌరులకు దారి మూతపడినది.

ఇట్టి కట్టడము భూకంపమునకేల లోబడును? భూకంపబలము కట్టడపు బరువునుబట్టి పెరుగును. రాయి తనపై మోపిన బరువును చక్కగా మోయగలదు గాని, లాగుడునకు తాళజాలదు. నేల ఇటునటు ఊగినపుడు తోరణము మెలిపడును. రాళ్ల సందులు విచ్చును. దీనికి తోడు నదీతీరపు నేల మెత్తనిది. సముద్రపుటొడ్డున తడియిసుకపై పదేపదే కాలితో తట్టినయెడల నీరు పైకుబికి, గట్టిగా నుండిన ఇసుక జారుడగుట మచిలీపట్టణము, బాపట్ల ప్రాంతపు పిల్లలందరు ఎరిగినదే. భూకంపమున క్రైస్ట్‌చర్చ్ నేల పలుచోట్ల అట్లే ద్రవమువలె మారి, ఒడ్డులు నదివైపునకు జరిగినవి. ఒడ్డులే కదలినపుడు వంతెన యేమి చేయగలదు?

దెబ్బతిన్న పురాతన కట్టడములను ఆ నగరమున పెక్కింటిని పడగొట్టవలసివచ్చెను. వంతెన మాత్రమే కావలసియున్నచో క్రొత్తది కట్టుట కష్టము కాదు. కాని క్రొత్త వంతెనపై ఆ సైనికుల జ్ఞాపకము ఉండదు. కావున పాతదానినే బలపరచ నిర్ణయించిరి. ఇది క్రొత్తది కట్టుటకంటె సున్నితమైన పని. క్రొత్త బలమంతయు లోపల దాగవలెను. వెలుపలి ముఖము తాతలెరిగిన ముఖముగానే ఉండవలెను. పునాదికి మెత్తని నేలకు దిగువనున్న గట్టిపొరల ఆధారము కల్పించుట, పెళుసైన రాతికట్టునకు లోన ఉక్కుబలము చేర్చుట, కదలికను బొత్తిగా అడ్డగింపక మితముగా సాగనిచ్చుట ఇట్టి పనులలో ఇంజనీర్లు ఆశ్రయించు మార్గములు.

ఈ కడపటి మార్గమున న్యూజీలాండువారిది ప్రత్యేకమైన అనుభవము. 1981లో ప్రారంభమైన దక్షిణ రాంగిటికై రైలువంతెన స్తంభములు, భూకంపమున నడచు మనిషి పాదములవలె ఒకదాని తరువాత నొకటి కొద్దిగా పైకిలేచి మరల స్వస్థానమున కూర్చుండునట్లు కట్టబడినవి. కట్టడములక్రింద నుంచు సీసము, రబ్బరులతోడి దిండ్లను 1970 దశకమున బిల్ రాబిన్సన్ అను శాస్త్రజ్ఞుడు అచటనే కనిపెట్టెను. 2001 జనవరి 26వ తేదీ భూకంపమున కూలిన భుజ్ ఆసుపత్రిని తిరిగి కట్టినపుడు దానిక్రింద అట్టి దిండ్లనే అమర్చిరి.

స్మృతిసేతువు మరమ్మతును, బలపరచు పనియు ముగిసి, 2016 ఏప్రిల్ 25వ తేదీన అది మరల ప్రజలకు అంకితమైనది. నాలుగేండ్లలోపున తరువాత లేచిన మాట కాదిది. భూకంపమునకు, పునరంకితమునకు నడుమ ఐదేండ్లు గడచినవి. మరుసటి యేడు ఫిబ్రవరి 22వ తేదీన, భూకంపమున మరణించినవారి స్మారకము అదే నదియొడ్డున వెలసినది.

తెలుగునేలయు భూకంపము నెరుగనిది కాదు. 1967 మార్చి 27న ఒంగోలు, 1969 ఏప్రిల్ 13న భద్రాచలము ప్రాంతము కంపించినవి. ఊరూర తాతలనాటి వంతెనలు, గోపురములు, మండపములు ఉన్నవి. వాటి ముఖమున సున్నము పూయుట సులభము. వాటి పాదములక్రింది నేలను పరీక్షించుట కష్టము. విపత్తు వచ్చినపిమ్మట ఐదేండ్లు మూసియుంచి చేయు పనిని ముందుగనే చేయగలిగినచో, పెద్దల జ్ఞాపకములతోపాటు పిల్లల ప్రాణములును నిలుచును.