కలుపుగా వచ్చిన ఓట్స్

ఓట్స్‌ను మొదట ఎవరూ కావాలని విత్తలేదు. పశ్చిమాసియాలో గోధుమ, బార్లీ చేలలో కలుపుగా మొలిచిన గడ్డి జాతి అది. అడవి గింజలను ఏరుకుని దాచుకోవడం మాత్రం సాగుకు ముందే ఉంది. జోర్డాన్ లోయలోని గిల్గాల్‌లో, సుమారు 11,400 ఏళ్ల నాటి నివాస శిథిలాల్లో, అడవి బార్లీతో పాటు లక్షకు పైగా అడవి ఓట్స్ గింజలు దొరికాయి.

అడవి ఓట్స్ గింజకు మోకాలిలా వంగిన మీసం ఒకటి ఉంటుంది. తడి తగిలితే ఆ మీసం మెలి విప్పుకుంటుంది, ఆరితే మళ్లీ మెలిపడుతుంది. అలా తిరుగుతూ గింజను మట్టిలోకి తోస్తుంది. ఈ గింజలు పండగానే రాలిపోతాయి. కంకిని వదలని గింజలు మాత్రం కోతలో గోధుమతో కలిసి ఇంటికి చేరి, మరుసటి ఏడు విత్తనంలో కలిసి మళ్లీ చేనుకు వెళ్లేవి. కలుపు పంటగా మారింది ఆ దారినే. సాగు చలి, వాన ఎక్కువగా ఉండే ఉత్తర ఐరోపాకు పాకినప్పుడు గోధుమ నీరసించింది, ఓట్స్ ఏపుగా పెరిగింది. దాదాపు 3,000 ఏళ్ల కిందట అక్కడి రైతులు దాన్నే విడిగా వేయసాగారు. ఇలా కలుపు నుంచి ఎదిగినవాటిని రష్యన్ శాస్త్రవేత్త నికొలాయ్ వావిలోవ్ ద్వితీయ పంటలుగా లెక్కించాడు.

పంటగా నిలిచినా పరువు రావడానికి చాలా కాలం పట్టింది. 1వ శతాబ్దపు రోమన్ రచయిత ప్లినీ దృష్టిలో ఓట్స్ అంటే ధాన్యానికి పట్టిన తెగులు. జర్మన్లు దాన్ని జావ కాచుకు తింటారని కూడా ఆయనే రాశాడు. 14వ శతాబ్దంలో స్కాట్లండ్ రౌతులు జీను కింద పెనం, వెనక ఓట్స్ పిండి సంచి పెట్టుకుని యుద్ధానికి వెళ్లేవారని చరిత్రకారుడు ఫ్రవాసార్ వర్ణించాడు. పిండిని తడిపి పెనం మీద రొట్టె కాల్చుకుంటే చాలు, వంటసామాను బండ్లు అక్కర్లేదు. ఇంగ్లండ్‌లో అదే గింజ గుర్రాల దాణా. శామ్యూల్ జాన్సన్ 1755 నాటి నిఘంటువులో ఓట్స్‌కు అర్థం చెబుతూ ఈ తేడా మీదే స్కాట్లండ్‌ను ఎత్తిపొడిచాడు. తెలుగునాట గుర్రపు దాణాకు ఉలవలు వాడినా, ఉలవచారును ఇష్టంగానే తింటారు.

ఓట్స్‌లో కొవ్వు మిగతా ధాన్యాల కంటే ఎక్కువ. పొట్టు తీసి దంచితే త్వరగా కనరు వాసన పడుతుంది. అందుకే మిల్లుల్లో ఆవిరి పట్టి, రోలర్ల మధ్య నలిపి అటుకుల్లా చేస్తారు. అమెరికాలో ఫెర్డినాండ్ షూమాకర్ 1856లో ఒహాయో రాష్ట్రంలోని యాక్రన్‌లో ఓట్స్ మిల్లు పెట్టాడు. 1877లో అదే రాష్ట్రంలోని మరో మిల్లు ఓట్స్‌కు క్వేకర్ అనే వాణిజ్య ముద్రను నమోదు చేసుకుంది. ట్రాక్టర్లు వచ్చి గుర్రాలు తగ్గేసరికి దాణాగా ఓట్స్ గిరాకీ పడిపోయింది. 1997లో అమెరికా ఆహార, ఔషధ సంస్థ ఓట్స్‌లోని బీటా గ్లూకాన్ అనే పీచును గుండె ఆరోగ్యంతో ముడిపెట్టి ప్రచారం చేసుకోవడానికి అనుమతించింది.

భారతదేశంలో ఓట్స్ ముఖ్యంగా రబీలో వేసే పచ్చిమేత పంట. ఉత్తరాది పొలాల్లో పచ్చిగా ఉండగానే కోసి ఆవులకు, గేదెలకు వేస్తారు. తెలుగు ఇళ్లలో అదే ఓట్స్ ఉప్మాకూ దోశకూ వాడే పొట్లం సరుకు.