పిల్లి చచ్చిన ఎలుకని ఇంట్లోకే ఎందుకు తెస్తుంది? గాదె కింద మొదలైన కథ

పల్నాడు చరిత్ర అనగానే బ్రహ్మనాయుడు, నాగమ్మ, కోడిపందెం, కారంపూడి అని మొదలుపెడతానని మీరు ఫిక్స్ అయిపోయి ఉంటారు. ఇవాళ కోడి కాదు, పిల్లి. రాజులు లేరు, యుద్ధం లేదు. ఒక చచ్చిన ఎలుక మాత్రం ఉంది.

పిల్లిని పెంచే ఇంట్లో ఈ సీన్ కామనే. పొద్దున్నే తలుపు తీస్తే గుమ్మం ముందు ఎలుక. ఒక్కోసారి తల ఉండదు. ఒక్కోసారి బల్లి తోక, ఉడత, పిచ్చుక ఈకలు. మంచం కింద పెట్టిందంటే వాసన వచ్చేదాకా తెలీదు. "ఏందే ఇది పొద్దున్నే!" అని అమ్మ చీపురు తీస్తుంది. పిల్లి మాత్రం ఏదో ఘనకార్యం చేసినట్టు అక్కడే కూర్చుని చూస్తుంటుంది. రీల్స్‌లో దీనికి అందరూ చెప్పే మాట ఒకటే: "అది మీకు గిఫ్ట్ తెచ్చింది". వినడానికి క్యూట్‌గానే ఉంటుంది కానీ అసలు విషయం అంతకంటే చాలా పాతది.

మన ఊళ్ల నుంచే మొదలుపెడదాం. ఇప్పుడు నరసరావుపేట చుట్టూ కాలవలు, వరి చూసేవాళ్లకి పాత పల్నాడు ఊహకి అందదు. నాగార్జునసాగర్‌కి నెహ్రూ శంకుస్థాపన చేసింది 1955 డిసెంబర్ 10న. కాలవల్లోకి నీళ్లు వదిలింది 1967 ఆగస్టులో. అంతకుముందు ఇక్కడ ఎక్కువ భాగం మెట్ట. జొన్న, సజ్జ, ఆముదం. వాన పడితే పంట, లేకపోతే లేదు. అలాంటి చోట ఒక ఏడాది పండిన గింజని వచ్చే ఏడాదికి కూడా కాపాడుకోవాలి. బ్యాంకు లేదు, కోల్డ్ స్టోరేజీ లేదు, రేషన్ బియ్యం లేదు. గింజే డబ్బు.

దాన్ని ఎక్కడ దాచేవాళ్లు? ఒకటి పాతర. నేలలో లోతుగా గొయ్యి తీసి, గడ్డి పరిచి, జొన్నలు పోసి పైన మట్టి కప్పేసేవాళ్లు. తీసేటప్పుడు వెంటనే లోపలికి దిగరు. లోపల గాలి చెడిపోయి మనిషి ప్రాణం పోయే ప్రమాదం ఉంది కాబట్టి కాసేపు తెరిచి ఉంచేవాళ్లు. రెండోది గాదె. వెదురు బద్దలతో అల్లి, మట్టి, పేడ కలిపి అలికేవాళ్లు. పాతర సంగతి ఎలా ఉన్నా గాదె మాత్రం ఎలుకకి ఫైవ్ స్టార్ హోటల్. ఇంట్లో గాదె ఉందంటే ఎలుక ఉన్నట్టే. ఇక పందికొక్కు సరేసరి. అన్నట్టు ఇంగ్లిష్‌లో "బాండికూట్" అనే మాట మన తెలుగు పందికొక్కు నుంచే పోయింది. వాళ్లకి మనం ఇచ్చిన మాటల్లో ఇదొకటి, గర్వపడాలో వద్దో మీ ఇష్టం.

అలాంటి ఇంట్లో పొద్దున్నే గుమ్మం ముందు చచ్చిన ఎలుక కనిపిస్తే అది చీపురు తీసే సందర్భం కాదు. పిల్లి రాత్రి డ్యూటీ చేసిందనడానికి ప్రూఫ్. జీతం ఏమిటంటే కాస్త మజ్జిగన్నం, పొయ్యి పక్కన వెచ్చగా పడుకునే హక్కు. పాలు, పెరుగు మాత్రం జీతంలో లేవు, అందుకే ఉట్టి. పిల్లి శాపాలకి ఉట్టి తెగదు అనే సామెత ఊరికే రాలేదు. ఎలుకల కోసం పిల్లిని పెట్టుకోవాలి, పిల్లి నుంచి పాలని కాపాడుకోవాలి. ఒకే ఇంట్లో రెండు సెక్యూరిటీ సిస్టమ్‌లు.

ఈ ఒప్పందం మన దగ్గర పుట్టింది కాదు. సుమారు పదివేల ఏళ్ల కింద పశ్చిమాసియాలో మనుషులు గోధుమ, బార్లీ దాచడం మొదలుపెట్టారు. గింజల కోసం ఎలుకలొచ్చాయి, ఎలుకల కోసం అడవి పిల్లులొచ్చాయి. పిల్లిని ఎవరూ పట్టుకొచ్చి కట్టేయలేదు, అదే వచ్చింది. సైప్రస్ దీవిలో దాదాపు 9,500 ఏళ్ల నాటి సమాధిలో ఒక మనిషి, పక్కనే ఒక పిల్లి దొరికాయని 2004లో ప్రకటించారు. ఆ దీవిలో సహజంగా పిల్లులు లేవు. అంటే ఎవరో పడవలో తీసుకెళ్లారు. మన వైపు చూస్తే సింధు నాగరికతకి చెందిన చన్హుదారోలో ఒక ఇటుక దొరికింది. తడి ఆరకముందే దాని మీద పిల్లి పాదాలు, వాటి మీదుగా కుక్క పాదాలు పడ్డాయి. నాలుగు వేల ఏళ్ల కిందటి ఛేజింగ్ సీన్ అన్నమాట.

ఇక్కడ ఒక పాయింట్ గమనించండి. కుక్కని మనిషి మార్చేశాడు. కాపలాకి ఒక జాతి, వేటకి ఒక జాతి, గొర్రెలకి ఒకటి. పిల్లి జోలికి ఎవరూ పోలేదు. ఉన్నది ఉన్నట్టుగానే పనికొస్తుంటే ఎందుకు మారుస్తాం? నేను కోడింగ్ చేసేటప్పుడు టీమ్‌లో ఒక మాట ఉండేది, రన్ అవుతున్న పాత కోడ్‌ని కెలకొద్దని. పిల్లి వేట అలాంటి కోడే.

మరి పట్టిన చోటే తినొచ్చు కదా, ఇంటికి మోసుకురావడం ఎందుకు? దీని మీద మన దగ్గర ఒక మంచి సాక్ష్యం ఉంది. చిన్నయసూరి 1853లో ప్రచురించిన నీతిచంద్రిక. అందులో మిత్రలాభంలో జరద్గవం అనే ముసలి గద్ద కథ మనలో చాలామంది స్కూల్లో వినే ఉంటారు. హితోపదేశం నుంచి వచ్చిన కథ. చెట్టు తొర్రలో ఉండే గుడ్డి గద్ద మిగతా పక్షుల పిల్లలకి కాపలా. దీర్ఘకర్ణం అనే పిల్లి తీయటి మాటలు చెప్పి అక్కడ చేరుతుంది. రోజూ పక్షిపిల్లల్ని పట్టి, తొర్రలోకి తెచ్చుకుని తింటుంది. అనుమానం రాగానే జారుకుంటుంది. పక్షులు వెతికితే గద్ద తొర్రలో ఎముకలు దొరుకుతాయి. తప్పు గద్ద మీద పడి దాని ప్రాణం పోతుంది.

మనకి దీన్ని కొత్తవాళ్లని నమ్మొద్దు అనే నీతికథగా చెప్పారు. నాకు మాత్రం ఆ ఎముకలే ఇంట్రెస్టింగ్. ఈ కథ అల్లినవాడెవరో పిల్లిని దగ్గరగా చూశాడు. పిల్లి వేటని తాను సేఫ్ అనుకున్న చోటికి తెచ్చుకుంటుందని అతనికి తెలుసు. కథ మొత్తం ఆ ఒక్క అలవాటు మీదే నడుస్తుంది.

సైన్స్ ఇదే మాట చాలా ఆలస్యంగా చెప్పింది. 1976లో ఆడమెక్ అనే పరిశోధకుడు ఒక ప్రయోగం రాశాడు. పిల్లులకి బాగా ఇష్టమైన తిండి పెట్టి, తింటుండగా ఎలుకని వదిలాడు. పిల్లులు తిండి ఆపేసి, వెళ్లి ఎలుకని చంపి, దాన్ని నోట కరుచుకుని మళ్లీ గిన్నె దగ్గరికే వచ్చి, పక్కన పెట్టి, పాత తిండే కంటిన్యూ చేశాయి. అంటే ఆకలి వేరు, వేట వేరు. రెండిటికీ స్విచ్‌లు వేరు. అడవిలో ఎలుక మన టైమ్‌కి రాదు కదా, దొరికినప్పుడే పట్టాలి.

సో, "పిల్లికి కడుపునిండా పెడితే ఎలుకలు పట్టదు" అని పెద్దవాళ్లు అనేది సగమే నిజం. తెనాలి రామకృష్ణుడి పిల్లి కథ గుర్తుందా? ఎలుకల బెడదకి రాయలవారు ఇంటికో పిల్లిని, దానికి పాల కోసం ఆవుని పంచుతారు. కవిగారు వేడివేడి పాలు పెట్టి మూతి కాల్చి, పిల్లి పాలు చూస్తేనే పారిపోయేలా చేసి, ఆ పాలు తానే తాగుతాడు. ఇది కథే, శాసనాల్లో ఎక్కడా లేదు. కానీ సర్కారే ఇంటింటికీ పిల్లి పంచాలనే ఐడియా కథలోనే ఆగిపోలేదు.

1896లో బొంబాయిలో ప్లేగు మొదలైంది, ధాన్యం గోడౌన్లుండే మాండ్వీ ప్రాంతంలో. మళ్లీ గింజ, మళ్లీ ఎలుక. 1898లో కరాచీలో సిమోండ్ అనే ఫ్రెంచ్ డాక్టర్ దీనికి ఎలుకల మీది గోమారులు కారణమని చూపించాడు. ఆ తర్వాత ఇండియన్ మెడికల్ సర్వీస్‌లో పనిచేసే బుకానన్ అనే డాక్టరు పిల్లులు ఎక్కువున్న ఊళ్లలో ప్లేగు తక్కువ ఉందని గమనించి, 1908లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో పిల్లులే ప్లేగుని ఆపుతాయని రాశాడు. ఆయన చూసింది అమరావతి వైపు ఊళ్లు. మన అమరావతి కాదు, విదర్భలోది.

లాజిక్ బాగానే ఉంది కానీ ఇందులో ఒక బగ్ ఉంది. పిల్లికి కూడా ప్లేగు వస్తుంది, దాన్నుంచి మనిషికి అంటుతుంది. అమెరికాలో 1977 నుంచి 1998 మధ్య పిల్లుల వల్ల మనుషులకి ప్లేగు సోకిన కేసులు 23 నమోదయ్యాయి. గుమ్మంలోకి వచ్చే ఎలుక ఒంటరిగా రాదు, దాని మీద ఉన్నవి కూడా లోపలికొస్తాయి.

ఇంకో అపోహ, పిల్లి ఉంటే పందికొక్కులు పోతాయని. న్యూయార్క్ బ్రూక్లిన్‌లో ఒక చెత్త రీసైక్లింగ్ ప్లాంట్‌లో 79 రోజులు కెమెరాలు పెట్టి చూస్తే, అక్కడి పిల్లులు చంపింది రెండే రెండు పెద్ద ఎలుకల్ని. ఒళ్లు హూనమయ్యే పని పిల్లి చేయదు. దానికి చిట్టెలుక, బల్లి, పిట్ట చాలు. పిల్లికి చెలగాటం ఎలుకకి ప్రాణసంకటం అంటాం కానీ, ఆ చెలగాటంలో కొంత భయం కూడా ఉంటుంది. ఎలుక కరుస్తుందని దూరం నుంచే కొట్టి అలసిపోయేలా చేస్తుంది.

మరి మనకి కనిపించేదే మొత్తం వేటా? కాదు. అమెరికాలోని జార్జియాలో 55 పిల్లుల మెడకి చిన్న కెమెరాలు కట్టి చూశారు, 2013లో ఫలితాలు వచ్చాయి. చంపినవాటిలో ఇంటికి తెచ్చింది 23 శాతమే. మిగతాది అక్కడే తినేసింది లేదా వదిలేసింది. గుమ్మంలో ఒకటి కనిపిస్తే బయట ఇంకో మూడు ఉన్నట్టు లెక్క.

ఈ లెక్క ఎంత దూరం వెళ్తుందో చెప్పే కేసు న్యూజిలాండ్‌ది. స్టీఫెన్స్ ద్వీపంలో 1894లో లైట్‌హౌస్ పెట్టారు. అక్కడ పనిచేసే డేవిడ్ లయాల్‌కి పక్షులంటే ఆసక్తి. ఒక పిల్లి చిన్న చిన్న పిట్టల్ని చంపి తెచ్చి పెట్టేది. చూస్తే ఎవరికీ తెలియని పిట్ట, ఎగరడం కూడా రాదు. శరీరాల్ని నిపుణులకి పంపాడు. రోత్‌షీల్డ్ అనే సంపన్నుడు నమూనాలు కొని దానికి లయాల్ పేరే పెట్టాడు. ఏడాది తిరిగేసరికి ఆ పిట్ట దాదాపు లేకుండా పోయింది. ఒక్క పిల్లే మొత్తం జాతిని తినేసిందని ఇప్పటికీ చెబుతుంటారు, అది తప్పు. దీవిలో పిల్లులు పిల్లల్ని పెట్టి పెరిగిపోయాయి. అసలు ట్విస్ట్ ఏమిటంటే, పెద్ద దీవుల్లో అదే పిట్టని అంతకు ముందే లేకుండా చేసింది మనుషులతో వచ్చిన ఎలుకలు. ఎలుక వదిలింది పిల్లి పూర్తి చేసింది. ఆ జాతి సైన్సుకి తెలిసిందే పిల్లి గుమ్మంలో పెట్టిన శవాల వల్ల.

మళ్లీ పల్నాడుకి వద్దాం. ఇప్పుడు ఇంట్లో గాదె లేదు. మిరపకాయలు కోల్డ్ స్టోరేజీకి, పత్తి మిల్లుకి, వడ్లు కళ్లం నుంచే లారీకి. ఇంట్లో బియ్యం బస్తా ఒకటి, అదీ డ్రమ్ములో. పిల్లి చేసే పనికి ఇంట్లో పోస్టే లేదు. పని మాత్రం ఆగలేదు. ఎలుక తక్కువైతే ఉడత, ఉడత లేకపోతే బల్లి.

ఎలుకలు ఇప్పుడు ఇంట్లో కంటే పొలంలో ఎక్కువ. అక్కడ వాటికి పెట్టేది మందు. బ్రోమాడియోలోన్ కలిపిన గింజలు తిన్న ఎలుక వెంటనే చావదు. రక్తం గడ్డకట్టే గుణం పోయి, కొన్ని రోజులకి నీరసపడి, పట్టపగలే తూలుతూ బయటికొస్తుంది. పిల్లికి అంతకంటే ఈజీ టార్గెట్ ఉండదు. అది పట్టి, ఇంటికి తెచ్చి, తింటుంది. నాలుగైదు రోజులకి పిల్లి తినడం మానేస్తుంది, చిగుళ్లు పాలిపోతాయి, ముక్కులోంచి రక్తం వస్తుంది. ఇంట్లోవాళ్లు "ఎవరో దిష్టి పెట్టారు" అనో "ఎవరో మందు పెట్టి చంపారు" అనో పక్కింటివాళ్లతో గొడవకి దిగుతారు. జరద్గవం కథే, ఎముకలు ఒకరి దగ్గర, తప్పు ఇంకొకరిది. ఈ మందుకి విరుగుడు ఉంది, విటమిన్ కె1. టైమ్‌కి పశువుల డాక్టరు దగ్గరికి తీసుకెళ్తే పిల్లి బతికే ఛాన్స్ ఉంటుంది. తెచ్చిన ఎలుక తూలుతూ, కదల్లేక ఉందంటే పిల్లి నోట్లోంచి లాగేయండి. మీ చుట్టుపక్కల పొలాల్లో మందు పెట్టే వారం పిల్లిని లోపలే ఉంచండి, అది ఎంత అరిచినా సరే.

ఎలుకని ఉత్త చేతుల్తో పట్టుకోవద్దు. క్యారీబ్యాగ్ చేతికి తొడుక్కుని తీసి, లోతుగా పాతిపెట్టి, నేల శుభ్రంగా కడగండి. ఎలుక మూత్రంతో లెప్టోస్పైరోసిస్ వస్తుంది.

పిల్లిని కొడితే మానుతుందా? మానదు, ఈసారి మంచం కింద పెడుతుంది. పిల్లి మెడలో గంట ఎవరు కడతారని సామెత ఉంది కదా, ఇంగ్లండ్‌లో నిజంగానే కట్టి చూశారు. ఎక్సెటర్ యూనివర్సిటీ వాళ్లు 355 పిల్లుల మీద చేసిన స్టడీ 2021లో వచ్చింది. గంట వల్ల చెప్పుకోదగ్గ తేడా రాలేదు. మాంసం ఎక్కువున్న తిండి పెడితే ఇంటికి తెచ్చే వేట 36 శాతం తగ్గింది. రోజూ ఐదు పది నిమిషాలు పిల్లితో ఆడితే 25 శాతం తగ్గింది. తాడుకి ఈక కట్టి లాగితే చాలు, కొనాల్సిందేం లేదు.

వచ్చే ఎపిసోడ్ పూర్తిగా పాతర్ల మీదే. మీ ఇంట్లో పాతరలోకి దిగిన తాతయ్యలు, నాయనమ్మలు ఎవరైనా ఉంటే వాళ్లని అడిగి, వాళ్ల మాటల్లోనే ఫోన్‌లో రికార్డ్ చేసి పెట్టుకోండి. ఉంటాను.