డ్రైవరు లేని బండి

మా అన్నయ్యగారిది కాట్రేనికోన. 2018 డిసెంబరు 17న పెథాయ్ తుఫాను ఆ చుట్టుపక్కలే తీరం దాటింది. కోసి వుంచిన పనలు తడిసిపోయాయి. నెల తిరగ్గానే సంక్రాంతి. అమలాపురంలో బస్సెక్కి ముమ్మిడివరం మీదుగా నేను వెళ్లేసరికి, మా మేనల్లుడు పాత ల్యాప్‌టాప్ ముందు దిగాలుగా కూర్చుని వున్నాడు. కొత్తది కొనమని ఆ ఏడు వాళ్ల నాన్నని అడిగే ధైర్యం వాడికెక్కడిది! అందుకని పాతదాన్నే శుభ్రంగా తుడిచి, డబ్బులడగని లినక్స్ ఎక్కించుకున్నాడట. అన్నీ పనిచేస్తున్నాయి, వైఫై తప్ప.

"కార్డుంది అత్తా, డ్రైవరు లేడు" అన్నాడు.

"డ్రైవరు లేకపోతే బండెలా కదుల్తుందిరా? ఎవర్నైనా పిలవరాదూ!" అంది మా వదిన వంటింట్లోంచి.

నవ్వుకున్నాం గానీ, ఆవిడన్నదాంట్లో తప్పేం లేదు. కంప్యూటరుకి లోపలి కార్డుని నడపడం పుట్టుకతో రాదు. ఫలానా చోట ఫలానా అంకె పెడితే ఫలానా పని జరుగుతుందని చెప్పే చిన్న ప్రోగ్రామే డ్రైవరు. అది కార్డు చేసినవాళ్లు రాయాలి, లేదా గుట్టు చెబితే ఇంకొకరు రాయాలి. చిక్కంతా ఆ గుట్టు దగ్గరే వచ్చింది.

కంప్యూటర్లని తీగలతో కలిపే ఈథర్నెట్ 1973లో అమెరికాలో జిరాక్స్ వారి పరిశోధనాలయంలో పుట్టింది. యూనిక్స్ అంతకుముందే, 1969లో, బెల్ ల్యాబ్స్‌లో పుట్టింది. బ్యాంకు ఉద్యోగం రోజుల్లో నాకూ దానితో కాస్త పరిచయం వుంది లెండి. 1991లో హెల్సింకీ విశ్వవిద్యాలయంలో చదువుతున్న లినస్ టోర్వాల్డ్స్ అనే ఇరవయ్యొక్కేళ్ల కుర్రాడు ఆ యూనిక్స్ పోలికతోనే లినక్స్ మొదలుపెట్టాడు. కార్డుల కంపెనీలు ఎక్కువమంది వాడే విండోస్‌కి డ్రైవర్లు రాసిచ్చేవి గానీ, ఈ బీదింటి బిడ్డని పట్టించుకునేవి కావు. అమెరికా అంతరిక్ష సంస్థ నాసాలో పనిచేసిన డొనాల్డ్ బెకర్ కూర్చుని, ఒక్కొక్క ఈథర్నెట్ కార్డుకీ డ్రైవర్లు రాసుకుంటూ పోయాడు. 1994లో ఆయనా, థామస్ స్టెర్లింగూ 16 మామూలు కంప్యూటర్లని ఆ కార్డులతో ముడివేసి, సూపర్ కంప్యూటరు చేయాల్సిన పనులు చేయించారు. దాని పేరు బేవుల్ఫ్. చవక సరుకుతో విందు వడ్డించడమంటే అదీ!

వైఫై వచ్చాక కథ మళ్లీ మొదటికొచ్చింది. బ్రాడ్‌కామ్ కంపెనీ కార్డుల గుట్టు లినక్స్ వాళ్లకి దొరకలేదు. అప్పుడు వాళ్లు చేసిన పని నాకు భలే నచ్చింది. ఆవకాయ కొలతలు చెప్పని అత్తగారున్నారనుకోండి. పెద్దకోడలు రుచి చూసి, కారమెంత, ఆవపిండెంత అని కాగితం మీద రాస్తుంది. అత్తగారి జాడీ జోలికే పోని చిన్నకోడలు ఆ కాగితం చూసి కొత్త ఆవకాయ కలుపుతుంది. దొంగిలించిందని ఎవరనగలరు? సరిగ్గా అలాగే ఒక జట్టు బ్రాడ్‌కామ్ డ్రైవరు నడకని పరిశీలించి వివరాలు రాసింది, రెండో జట్టు ఆ రాతని బట్టి సొంత డ్రైవరు రాసింది. 2006లో అది లినక్స్‌లో చేరింది. 2010 సెప్టెంబరులో ఆ కంపెనీయే తన కొత్త కార్డుల డ్రైవరుని అందరికీ తెరిచిచ్చింది. అత్తగారు కరిగారన్నమాట.

మా వాడి కార్డు ఇంకో కంపెనీది. పేరెందుకు లెండి. ల్యాప్‌టాప్ డబ్బా మీది పేరు చూసి వాడు డ్రైవరు వెతుకుతున్నాడు. ఇంటిపేరు కస్తూరివారని ఊరికే అన్నారా! లోపలి చిప్పు ఎవరిదో తెలుసుకోవాలి. "ఎల్‌ఎస్‌పీసీఐ" అని ఆజ్ఞ ఇప్పించి, అంకెలు కూడా చూపించమన్నాను. కార్డు ఎదుట రెండు సంఖ్యలు వచ్చాయి. మొదటిది తయారుచేసినవారి ఇంటిపేరు, రెండోది కార్డు సొంత పేరు అనుకోండి. వాటిని నా ఫోనులో వెతికితే సంగతి తేలింది: డ్రైవరు లినక్స్‌లో వుంది. లేనిది, కార్డు కళ్లు తెరవగానే దాని నోట్లో పోయాల్సిన ఫర్మ్‌వేర్ అనే ఫైలు. అది తెచ్చుకోవాలంటే నెట్ కావాలి, నెట్ రావాలంటే అది కావాలి! పెళ్లి కుదిరితేగాని పిచ్చి కుదరదు, పిచ్చి కుదిరితేగాని పెళ్లి కుదరదు.

(డెబియన్ అనే లినక్స్ వాళ్లు, సొంతదారుల ఆంక్షలున్నాయని ఇలాంటి ఫైళ్లని మామూలు ఇన్‌స్టాలర్‌లో పెట్టేవారు కాదు. ఆదర్శం గొప్పదే, కష్టం మనది. 2022లో వాళ్లలో వాళ్లు ఓట్లు వేసుకుని, 2023 జూన్‌లో వచ్చిన పన్నెండో విడత నుంచి పెడుతున్నారు.)

నా ఫోనుని ఛార్జింగు తీగతో ల్యాప్‌టాప్‌కి తగిలించి, సెట్టింగుల్లో యూఎస్‌బీ టెథరింగ్ నొక్కాను. లినక్స్ ఫోన్నే నెట్‌వర్క్ కార్డు అనుకుని చప్పున కలుపుకుంది. ఫైలు దించాం, ఆపి మళ్లీ వెలిగించాం. తెర మూలన వైఫైల పేర్లు ఒక్కొక్కటే వచ్చాయి.

వదిన చెయ్యి తుడుచుకుంటూ వచ్చి తెర వంక చూసింది. మొదటి పేరు పక్కింటివాళ్లది.

"వీళ్లకెప్పుడొచ్చిందమ్మా నెట్టు? నాకు మాటమాత్రం చెప్పలేదు చూశావా!" అంది.