రాయపురం పాత ఇళ్లలో మెష్ వైఫై: కొనేముందు, పెట్టేటప్పుడు

రాయపురంలో మనవాళ్ల పాత ఇళ్లు చాలావరకు ఒకే తీరు. వీధి వైపు వెడల్పు తక్కువ, లోపలికి పొడవు ఎక్కువ. వాకిలి, హాలు, నడవ, మధ్యలో ఆకాశం కనిపించే ఖాళీ జాగా, దాని వెనక వంటిల్లు, పైన మిద్దె. ఫైబర్ తీగ వీధి స్తంభం మీంచి వాకిలి దగ్గరే లోపలికి వస్తుంది. పెట్టెను కూడా అక్కడే గోడకు బిగించి వెళ్లిపోతారు. ముందు గదిలో సినిమా ఆగకుండా ఆడుతుంది. వెనక గదిలో అవ్వ విదేశంలోని మనవడితో మాట్లాడుతుంటే అతని ముఖం తెరమీద బిగుసుకుపోతుంది. మిద్దె మీద పిల్లకు ఆన్‌లైన్ తెలుగు క్లాసులో టీచరు మాట సగమే వినబడుతుంది. బళ్లో తెలుగు దొరకని పిల్లలకు ఆ క్లాసే ఆధారమైన ఇళ్లలో ఇది చిన్న ఇబ్బంది కాదు.

దీనికి మందుగా ఇప్పుడు అందరూ చెబుతున్నది మెష్ వైఫై. ఒకే పెట్టె ఇల్లంతా సిగ్నల్ పంపడానికి బదులు, రెండో మూడో పెట్టెలు తమలో తాము మాట్లాడుకుంటూ ఒకే పేరుతో, ఒకే పాస్‌వర్డ్‌తో ఇల్లంతా కప్పుతాయి. మీరు హాల్లోంచి మిద్దెకు నడిచినా ఫోను తనంతట తానే దగ్గరి పెట్టెకు మారుతుంది. పాతకాలపు రిపీటర్‌తో దీనికున్న తేడా అదే. చాలా రిపీటర్లు వేరే పేరుతో ఇంకో వైఫై తయారుచేస్తాయి, మాట మధ్యలో తెగుతుంది.

అయితే కొనేముందు ఒక పరీక్ష చేయండి. లైను పెట్టె పక్కనే నిలబడి, వీలైతే లాప్‌టాప్‌ను తీగతో దానికే తగిలించి, వేగం కొలవండి. అక్కడే మీరు డబ్బు కట్టే వేగం రాకపోతే లోపం లైనులో ఉంది, ఎన్ని మెష్ పెట్టెలు కొన్నా బాగుపడదు. కంపెనీకి ఫిర్యాదు చేయడమే దారి. పెట్టె దగ్గర బాగుండి వెనక గదిలో పడిపోతేనే మెష్ సంగతి ఆలోచించాలి. అప్పుడు కూడా ముందు చేయదగ్గ పని ఒకటుంది. లైన్‌మన్‌ను పిలిపించి ఫైబర్‌ను వాకిలి నుంచి ఇంటి నడుమకు లాగించండి. కొత్త కనెక్షన్ ఇచ్చే రోజే అడిగితే ఇంకా తేలిక. చాలా ఇళ్లకు ఇంతటితో సరిపోతుంది, వేల రూపాయలు మిగులుతాయి. ఆ తీగను మూలల దగ్గర గట్టిగా వంచకుండా చూసుకోవాలి, లోపల ఉన్నది గాజు.

ఇక గోడల సంగతి. వైఫై ముఖ్యంగా రెండు బాటల్లో నడుస్తుంది. 2.4 గిగాహెర్ట్జ్ మెల్లగా పోయినా గోడలు దాటుతుంది. 5 గిగాహెర్ట్జ్ వేగంగా పోతుంది కానీ గోడ అడ్డొస్తే నీరసిస్తుంది. సున్నం, ఇటుకతో కట్టిన మన పాత గోడలు లావు. వానాకాలంలో చెమ్మ పడితే ఇంకా అడ్డం. మిద్దె విషయంలో మాత్రం పాత ఇల్లే కాస్త నయం. టేకు దూలాల మీద ఇటుకలు నిలువుగా పేర్చి సున్నంతో వేసిన మద్రాసు టెర్రస్‌లో ఇనుప కడ్డీలు ఉండవు. తరవాత పడగొట్టి కట్టిన కాంక్రీటు శ్లాబులో కడ్డీల వల ఉంటుంది, సిగ్నల్‌కు అదే పెద్ద శత్రువు. ఇనుప బీరువా, నిలువుటద్దం, ఫ్రిజ్, చేపల తొట్టి కూడా అదే కోవలోవి.

కొట్టుకు వెళితే, అది మౌంట్ రోడ్డు పక్కన రిచీ స్ట్రీట్ అయినా సరే, పెట్టె మీద 1200, 1800, 3000 అన్న అంకెలు చూపించి ధర చెబుతారు. అవి రెండు బాటల వేగాలు కలిపిన కాగితం లెక్కలు. 1800 అంటే 2.4లో 574, 5లో 1201, కలిపి గుండ్రం చేసింది. మీ లైను 100 ఎంబీపీఎస్ అయితే 3000 పెట్టె కొన్నా ఇంటర్నెట్ 100 దాటదు. చూడాల్సింది వేరే ఉంది. వెనక తీగ గుచ్చే పోర్టు గిగాబిట్ అవునా కాదా? కొన్ని చవక సెట్లలో ఆ పోర్టు 100 దగ్గరే ఆగుతుంది. 200, 300 ప్లాను తీసుకున్నవాళ్లు అక్కడ మోసపోతారు. వైఫై 6 రకం తీసుకుంటే చాలు. వైఫై 7 కోసం అప్పు చేయనక్కర్లేదు, ఇంట్లో ఫోన్లు దాన్ని అందుకునేవి కాకపోతే దండగ. నాలుగైదు గదుల ఇంటికి రెండు పెట్టెలు, పైన మిద్దె కూడా ఉంటే మూడు. అంతకు మించి పెడితే ఒకదానికొకటి అడ్డం పడతాయి. బిల్లు, వారంటీ కాగితం తప్పక తీసుకోండి.

అన్నిటికన్నా ముఖ్యమైనది పెట్టెల మధ్య లంకె. గాలిలోనే లంకె అయితే, రెండు బాటల సెట్టులో అదే 5 గిగాహెర్ట్జ్ మీ ఫోనుతోనూ పక్క పెట్టెతోనూ వంతులవారీగా మాట్లాడాలి. అందుకే ఒక్కో మజిలీకి వేగం దాదాపు సగానికి పడుతుంది. లంకె కోసమే వేరే బాట ఉంచిన ట్రైబ్యాండ్ సెట్లు ఉన్నాయి, ధర ఎక్కువ. నా మాట వింటే ఆ డబ్బుతో తీగ లాగించండి. క్యాట్ 6 లాన్ తీగ 100 మీటర్ల దాకా సునాయాసంగా పనిచేస్తుంది. మన ఇంటి పొడవు దానికి ఒక మూల. తీగ అసలు రాగిదై ఉండాలి. అల్యూమినియం మీద రాగి పూసిన చవక తీగ వద్దు. కరెంటు వైర్లు పోయే పైపులో దీన్ని దూర్చవద్దు. బయటి గోడ మీంచి మిద్దెకు ఎక్కించాల్సి వస్తే ఎండకు తట్టుకునే బయటి రకం తీగ కొని పైపులో పోనివ్వండి. అతుకులు మాత్రం ఇంటి లోపలే ఉండాలి. కాశిమేడు గాలికి కిటికీ చువ్వలే తుప్పు పడతాయి, ఆ చిన్న లోహపు మొనలు ఎంతకాలం ఆగుతాయి?

తీగ కుదరకపోతే స్థలం ఎంచుకోవడంలోనే నేర్పంతా. రెండో పెట్టెను సిగ్నల్ రాని గదిలో పెడతారు చాలామంది. అక్కడ దానికే సిగ్నల్ అందదు, ఇంకొకరికి ఏమిస్తుంది? మొదటి పెట్టెకూ ఆ గదికీ నడుమ, సిగ్నల్ ఇంకా బాగున్న చోట పెట్టాలి. మన ఇళ్లలో ఆకాశం కనిపించే ఆ ఖాళీ జాగా అంచు మంచి చోటు. గోడ అడ్డం ఉండదు. వాన జల్లు తగలకుండా చూసుకుంటే చాలు. మిద్దెకు మెట్ల దారే బాట. కింద మెట్ల మొదట్లో ఒకటి, పైన మెట్ల చివర ఒకటి. టీవీ వెనక దాచడం, బీరువాలో పెట్టడం కూడదు. నేలకు దగ్గరగా అసలే వద్దు. 2023 డిసెంబరు మిచాంగ్ తుపానుకు ఉత్తర చెన్నైలో ఇళ్లలోకి నీళ్లు రావడం చూసినవాళ్లకు కారణం చెప్పనక్కర్లేదు.

అమర్చడం ఫోను యాప్‌లో అడిగినట్టు చేస్తూ పోతే అరగంట పని. పాత వైఫై పేరు, పాస్‌వర్డ్ కొత్తదానికి అవే ఇవ్వండి. టీవీ, కెమెరా, పక్కింటికి వెళ్లొచ్చిన అల్లుడి ఫోను కూడా వాటంతట అవే కలుస్తాయి. ఆ తరవాత లైను కంపెనీ పెట్టెలోని వైఫైని ఆపేయాలి, లేకపోతే ఒకే పేరుతో రెండూ పోట్లాడతాయి. పెట్టెను మాత్రం పీకేయకండి. ఫైబర్ దిగేది, ల్యాండ్‌లైను ఉంటే అది మోగేది దాంట్లోంచే. మెష్‌ను యాక్సెస్ పాయింట్ మోడ్‌లో ఉంచితే రెండు రౌటర్లు ఒకదాని మీద ఒకటి పనిచేసే చిక్కు తప్పుతుంది. యాప్‌లో కొన్ని సౌకర్యాలు తగ్గుతాయి, అంతే. కెమెరా, బల్బు లాంటివి కలవకపోతే అవి 2.4 మాత్రమే ఎరిగినవని అర్థం. కాసేపు 5ను ఆపి కలపండి.

అన్నదమ్ములు పైనా కిందా పంచుకున్న ఇళ్లు, వెనక భాగం అద్దెకిచ్చిన ఇళ్లు మన వీధుల్లో ఎక్కువ. అద్దెవాళ్లకు మీ పాస్‌వర్డ్ చెప్పకుండా గెస్ట్ నెట్‌వర్క్ వేరుగా తెరవండి. కనెక్షన్ ఎవరి పేరున ఉంటే ఏదైనా తేడా వచ్చినప్పుడు ముందు అడిగేది వాళ్లనే. యాప్ అకౌంట్ కూడా ఇంట్లో ఉండేవాళ్ల నంబరు మీదే తెరవాలి. సెలవులకొచ్చిన కొడుకు తన నంబరుతో తెరిచి వెళ్లిపోతే, తరవాత పాస్‌వర్డ్ మార్చాలన్నా అతని ఊళ్లో తెల్లవారేదాకా ఆగాలి.

కరెంటు పోతే అన్ని పెట్టెలూ వెలగాలి, ఒక్కటి వెలిగితే చాలదు. ఇన్వర్టరు లైను మీద లేని గదిలోని పెట్టెకు చిన్న 12 వోల్టుల రౌటర్ యూపీఎస్ దొరుకుతుంది. పెట్టె అడాప్టరు మీద రాసిన వోల్టులు, ఆంపియర్లు చూసి దానికి సరిపోయేదే కొనండి.