ఆస్పత్రి స్టేజీ

మన దగ్గర ఆస్పత్రుల చరిత్ర రాసినవాళ్లు కట్టడాల గురించి, దాతల గురించి, సూపరింటెండెంట్ల గురించి, పడకల సంఖ్య గురించి రాశారు. రవాణా చరిత్ర రాసినవాళ్లు డిపోలు, బస్సులు, కిలోమీటర్లు లెక్కపెట్టారు. ఈ రెంటినీ పక్కపక్కన పెట్టి చదివినవాళ్లు తక్కువ. అందుకే రోగి ఆస్పత్రికి ఎలా చేరేవాడని అడిగితే ఒక పొట్టి కథ వినిపిస్తుంది: వెనక మంచం మీద మోసుకెళ్లేవారు, 2005లో 108 అంబులెన్సు వచ్చింది, కష్టం తీరింది. ఈ కథలో మధ్య యాభై ఏళ్లు ఎగిరిపోయాయి. ఆ యాభై ఏళ్లలో తెలుగు జిల్లాల పల్లెలకు పెద్దాసుపత్రిని దగ్గర చేసిన పనిలో పెద్ద వాటా ఆర్డినరీ బస్సుకీ ప్యాసింజర్ రైలుకీ దక్కుతుందని నా అభిప్రాయం. ఆ పని ఎవరూ పూనుకుని చేసింది కాదు. కాబట్టే దాన్ని కాపాడుకోవాలన్న ఆలోచన కూడా ఎవరికీ రాలేదు.

తొలి దశ తెలిసిందే, తొందరగా దాటేయొచ్చు. హైదరాబాదులో అఫ్జల్‌గంజ్ ఆస్పత్రి 1866 నాటిది. సికింద్రాబాద్–వాడి రైలు మార్గం 1874లో, నాంపల్లి స్టేషన్ 1907లో వచ్చాయి. 1908 మూసీ వరద ఆ పాత ఆస్పత్రిని తీసుకుపోయింది. ఆ తర్వాత విన్సెంట్ ఎష్ గీసిన నమూనాతో ఉస్మానియా లేచింది. విశాఖలో కేజీహెచ్‌ను 1923లో కొండవాలున కట్టారు. వాలెక్కే శక్తి రోగికి ఉంటుందా అన్నది ఆనాడు ఎవరినీ ఆపినట్టు లేదు. ఇవన్నీ ముందు పట్టణవాసుల ఆస్పత్రులు, ఆ తర్వాతే రైలు పట్టాల వెంట ఉన్న ఊళ్లవి.

వీటికంటే క్షయ శానిటోరియంల తీరు ఆసక్తికరం. మదనపల్లె దగ్గర ఆరోగ్యవరం, వికారాబాద్ పక్కన అనంతగిరి, మంగళగిరి, హైదరాబాద్ శివారులో ఎర్రగడ్డ: గాలి బాగుండాలి, జనానికి దూరంగా ఉండాలి అన్న లెక్కతో ఎంచిన చోట్లివి. దూరమైనా పెద్ద ఇబ్బంది లేదు. రోగి ఒకసారి వెళితే నెలల తరబడి అక్కడే ఉండేవాడు. రానుపోను కలిపి రెండే ప్రయాణాలు. స్టేషన్లో దిగాక ఎడ్లబండి కట్టించుకున్నా ఆ ఖర్చు ఒక్కసారిదే.

ఈ లెక్క తారుమారైంది 1950లలో. మద్రాసులో 1956లో మొదలైన క్షయ కీమోథెరపీ కేంద్రం చేసిన అధ్యయనం, ఇంటి దగ్గర ఉండి మందులు వాడినా శానిటోరియంలో ఉన్నంత గుణమూ కనిపిస్తుందని 1959లో తేల్చింది. వైద్య చరిత్రలో దీన్ని మందు సాధించిన విజయంగా రాస్తారు, అది నిజమే. కానీ దీని రెండో ముఖాన్ని ఎవరూ పట్టించుకోలేదు. పడుకుని నయం చేసుకునే రోగి, తిరుగుతూ నయం చేసుకునే రోగిగా మారాడు. పడక ఖర్చు సర్కారుకు తగ్గింది, దారి ఖర్చు రోగికి పెరిగింది. ఒక్క క్షయకే కాదు, తర్వాత బీపీకి, షుగరుకి, మూర్ఛకి, ఇప్పుడు డయాలిసిస్‌కి అదే పద్ధతి. ఓపీ అన్నది సర్కారు వైద్యానికి ప్రధాన ద్వారమైంది, ఆ ద్వారం దాకా రోగి మళ్లీ మళ్లీ రావాల్సి వచ్చింది.

సరిగ్గా ఆ కాలంలోనే బస్సు ఊళ్లలోకి వచ్చింది. నిజాం రాష్ట్ర రైల్వే 1932లో 27 బస్సులతో, 166 మంది సిబ్బందితో రోడ్డు రవాణా శాఖ పెట్టిందన్న సంగతి ఆర్టీసీ ప్రతి సావనీరులోనూ ఉంటుంది. అందులో నాకు ముఖ్యమనిపించేది బస్సుల సంఖ్య కాదు, యజమాని ఎవరన్నది. రైలూ బస్సూ ఒకే సంస్థ చేతిలో ఉన్నాయి, బండి వేళకు బస్సు పెట్టడం ఇంటి పనే. 1951లో రోడ్డు రవాణా రైల్వే నుంచి విడివడింది. 1958 జనవరి 11న ఏపీఎస్ఆర్టీసీ ఏర్పడింది. ఆ తర్వాత ఆంధ్ర ప్రాంతంలోనూ దశలవారీగా రూట్లను జాతీయం చేశారు. ఈ ప్రస్థానాన్ని ప్రగతిగానే చెప్పుకుంటాం, నేనూ చాలావరకు ఒప్పుకుంటాను. అయితే రైలు దిగినవాడికి బస్సు అందాలన్న బాధ్యత ఆ విడిపోవడంతోనే దిక్కులేనిదైంది.

ఆర్టీసీ ఇచ్చినది మరొకటి: నైట్ హాల్ట్ బస్సు. రాత్రి ఊళ్లో పడుకుని తెల్లారకముందే బయల్దేరే బండి. కూరగాయల గంపలు, కాలేజీ పిల్లలు, కోర్టు వాయిదా ఉన్నవాళ్లు అందులోనే ఎక్కేవారు. వాళ్ల మధ్య రోగిని గుర్తుపట్టడం కండక్టరుకు కష్టమేమీ కాదు. చేతిలో ఎక్స్‌రే కవరు, పాత చీటీలు చుట్టిన ప్లాస్టిక్ సంచి, ఒళ్లో టిఫిన్ క్యారియరు, పక్కన తోడొచ్చిన మనిషి. టికెట్ ఎక్కడికని అడగకుండానే ఆస్పత్రి స్టేజీకి కొట్టేవాడు. ఆ బస్సు ఎనిమిది, ఎనిమిదిన్నరకు పట్నం చేరితే ఓపీ చీటీ దొరికేది. పది దాటితే వరసలో చివర నిలబడాలి. పన్నెండయితే కౌంటరు మూసేస్తారు, ఆ రోజు కూలీ పోయినట్టే. జిల్లా ఆస్పత్రి ఓపీ వేళలకూ తొలి బస్సు వేళకూ మధ్య ఏ శాఖా సంతకం చేయని ఒప్పందం ఒకటి నడిచింది. తొలి బస్సు రద్దయిన రోజున అది ఎంత బలహీనమైనదో తెలిసేది.

ఈ పొత్తులో స్థలాల పాత్ర కూడా ఉంది. గౌలిగూడలో 2018 జులైలో కూలిపోయిన ఆ రేకుల హ్యాంగరు దశాబ్దాలపాటు హైదరాబాదుకు జిల్లాల బస్టాండు. అక్కడ దిగిన మనిషి ఉస్మానియాకు నడిచిపోయేవాడు. 1994లో జిల్లా బస్సులు ఎంజీబీఎస్ ఉన్న ఇమ్లిబన్‌కు మారినా ఆ దగ్గరతనం చెడలేదు. గాంధీ ఆస్పత్రి సికింద్రాబాద్ స్టేషన్ ఎదురుగానే ఉండేది. కాజీపేట, జనగామ వైపు ప్యాసింజర్లో వచ్చినవాళ్లు రోడ్డు దాటితే చాలు. తిరుపతిలో రుయా ఆస్పత్రి, ఆ పక్కనే 1993లో వచ్చిన స్విమ్స్, రెండూ అలిపిరి దారిలోనే. కొండకు పోయే భక్తుల కోసం నడిచిన బస్సులన్నీ రోగులకూ పనికొచ్చాయి. వీటిలో ఏ ఒక్కటీ రోగి కోసం వేసిన పథకమని నేను అనను. స్టేషను పక్కన స్థలం ఉంది, బజారు పక్కన నది ఒడ్డుంది, కొండకు పోయే దారి ముందునుంచీ ఉంది. కానీ అనుకోకుండా కుదిరినా అది మేలే చేసింది.

తెలుగు నేల దాటితే దీనికి పెద్ద ఉదాహరణ వేలూరు. ఐడా స్కడర్ పెట్టిన సీఎంసీ ఆస్పత్రికి చిత్తూరు నుంచే కాదు, కోస్తా నుంచీ తెలుగు రోగులు తరతరాలుగా వెళుతున్నారు. వైద్యుల పేరే దానికి కారణమని చెబుతారు. పేరు సరే, కాట్పాడి జంక్షన్ సంగతేమిటి? మద్రాసు–బెంగళూరు లైనూ, రేణిగుంట, చిత్తూరు నుంచి వచ్చే లైనూ అక్కడే కలుస్తాయి. స్టేషను బయట బాగాయం వెళ్లే 1, 2 నంబరు టౌన్ బస్సులు ఆస్పత్రి మీదుగానే పోతాయి. భాష రాని ముసలాయన కూడా బస్సు ముందు అంకె చూసి ఎక్కగలడు. అంత పేరున్న ఆస్పత్రి రైలు లేని ఊళ్లో ఉంటే శ్రీకాకుళం మనిషి అక్కడికి వెళ్లేవాడా అన్నది నా అనుమానం.

ఈ వాదనకు హద్దులున్నాయి, అవీ చెప్పాలి. బస్సు కూర్చోగలిగిన రోగికి మాత్రమే పనికొచ్చింది. పాము కరిచినవాడికి, నొప్పులు పడుతున్న గర్భిణికి, రాత్రి గుండె పట్టుకున్నవాడికి అది అక్కరకు రాలేదు. వాళ్లకు ట్రాక్టరో, లారీయో, ఎవరి జీపో. పాడేరు, రంపచోడవరం వైపు ఏజెన్సీ కొండల్లో రోడ్డే లేకపోతే బస్సు ఎక్కడిది? అక్కడ డోలీ మోత పత్రికల్లో ఇంకా కనిపిస్తూనే ఉంది. కిక్కిరిసిన బస్సులో ఆపరేషన్ కుట్లతో నిలబడి వచ్చినవాళ్ల బాధ నా వాదనలో ఇమడదు. కాబట్టి 2005 ఆగస్టు 15న మొదలైన 108 సేవను తక్కువ చేయడం నా ఉద్దేశం కాదు. అది పూడ్చిన లోటు నిజమైనది, బస్సు ఎన్నడూ పూడ్చలేనిది.

నా పేచీ ఆ తర్వాత జరిగినదానితో. 108 వచ్చాక రోగి రవాణా అంటే అంబులెన్సు అన్న భావన స్థిరపడింది. ఎన్ని వాహనాలు, ఎన్ని నిమిషాల్లో చేరాయి అన్నదే కొలబద్ద అయింది. అంబులెన్సు ఒక్కసారి, ఒక్క దిశలో తీసుకుపోతుంది. తిరిగి ఇల్లు చేర్చదు, వారం తర్వాత కుట్లు విప్పించుకోవడానికి రాదు, వారానికి మూడు సార్లు డయాలిసిస్‌కు తిప్పదు. గర్భిణులకూ బాలింతలకూ తర్వాత వచ్చిన 102 వాహనాలు, తల్లీబిడ్డ ఎక్స్‌ప్రెస్ ఆ లోపాన్ని కొంత గుర్తించాయి. మిగతా రోగులకు ఆ గుర్తింపు దక్కలేదు.

2007 ఏప్రిల్ 1న ఉచిత చికిత్సల ఆరోగ్యశ్రీ పథకం మహబూబ్‌నగర్, అనంతపురం, శ్రీకాకుళం జిల్లాల్లో మొదలైంది. వెనుకబడిన జిల్లాలను ముందు ఎంచడం న్యాయమే. కానీ గుండె ఆపరేషన్లు చేసే నెట్‌వర్క్ ఆస్పత్రులు ఎక్కువగా హైదరాబాదులో, విశాఖలో ఉన్నాయి. కార్డు ఊళ్లో, కత్తి పట్నంలో. ప్యాకేజీలో తిరుగు ఛార్జీకీ చోటిచ్చారు, పథకం రాసినవాళ్లకు ఆ మాత్రం ఎరుక ఉంది. అయినా ఆపరేషన్ ఉచితమైన చోట తోడొచ్చిన మనిషి తిండి, రాకపోకలు, మళ్లీ చూపించుకోవడానికి వేసిన ట్రిప్పులు ఇంటి అప్పుగానే మిగిలాయి.

అంతకు ముందే, 2003లో, గాంధీ ఆస్పత్రి స్టేషను ఎదుట నుంచి ముషీరాబాద్ పాత జైలు స్థలానికి తరలిపోయింది. పాత చోటు ఇరుకైపోయింది, కొత్త భవనంలో పడకలు వెయ్యి దాటాయి. తరలింపు తప్పని నేను అనను. ముషీరాబాద్ దారిలో సిటీ బస్సులూ కరువు కాదు. కానీ ప్యాసింజర్ దిగి రోడ్డు దాటే రోగికీ, కొత్త ఊళ్లో బస్సు నంబరు అడుక్కుని, తోసుకుని ఎక్కి, స్టేజీ తప్పకుండా దిగాల్సిన రోగికీ చాలా తేడా ఉంది. చదువురానివాడు చివరికి ఆటో ఎక్కుతాడు. రైలు టికెట్టు కంటే ఆటోకే ఎక్కువిస్తాడు. ఆ తరలింపును మెచ్చుకున్నవాళ్లు ఈ ఖర్చును ఏ పద్దులోనూ రాయలేదు.

2020 ఫిబ్రవరి 7న జేబీఎస్–ఎంజీబీఎస్ మెట్రో తెరిచినప్పుడు, ఒకే లైను మీద రెండు పెద్ద జిల్లా బస్టాండ్ల మధ్య గాంధీ ఆస్పత్రి స్టేషన్ కుదిరింది. కరీంనగర్ బస్సు దిగినవాడూ నల్లగొండ బస్సు దిగినవాడూ ఒకే రైలుతో ఆస్పత్రి ముందు దిగవచ్చు. ఆరు వారాలకే లాక్‌డౌన్. గాంధీ కోవిడ్ ఆస్పత్రి అయింది, సెప్టెంబరులో మెట్రో మళ్లీ నడిచినా ఆ స్టేషను మాత్రం మొదట్లో మూసే ఉంచారు. ఎల్బీనగర్ వైపు లైనులో ఉస్మానియా మెడికల్ కాలేజీ పేరు చూసి దిగేవాళ్లు తెలుసుకోవాల్సింది, ఆస్పత్రి అక్కడ లేదని. అది అఫ్జల్‌గంజ్‌లో ఉంది, నడవాలి.

ఇప్పటి స్థితి మీద నాకు మెచ్చుకోలూ ఉంది, గుర్రూ ఉంది. తెలంగాణలో 2023 డిసెంబరు 9 నుంచి, ఆంధ్రప్రదేశ్‌లో 2025 ఆగస్టు 15 నుంచి ఆడవాళ్లకు ఉచిత బస్సు. దీన్ని ఓట్ల పథకమని తిట్టేవాళ్లూ, మహిళా సాధికారత అని పొగిడేవాళ్లూ ఉన్నారు. ఆరోగ్య పథకాల జాబితాలో మాత్రం ఎవరూ రాయడం లేదు. కోడలినో కూతురినో తోడు తీసుకుని చెకప్‌కు వెళ్లే ముసలమ్మకు ఇద్దరి ఛార్జీ మిగిలింది, వాయిదా వేసుకుంటూ వచ్చిన చూపింపు జరిగింది. అయితే ఛార్జీ పోయినంత మాత్రాన ఊరికి బస్సు వచ్చిందని కాదు. నైట్ హాల్ట్ ఎత్తేసిన ఊరికి ఉచితం ఉపయోగపడదు, ఉన్న బస్సులో కాలు పెట్టే చోటు లేకపోతే జ్వరంతో ఉన్న మనిషికి అదీ దక్కదు.

రైల్వే సంగతి ఇంతకంటే చేదు. 2020 మార్చిలో రాయితీలు ఎత్తేసినప్పుడు పదకొండు రకాల రోగులకు మాత్రం ఉంచారు, అది మంచి పని. కానీ రాయితీ ఫారం ఆస్పత్రే ఇవ్వాలి. అంటే తొలి ప్రయాణం, అన్నిటికంటే భయంతో చేసే ప్రయాణం, పూర్తి ఛార్జీతోనే. ఆపేసిన ప్యాసింజర్లు స్పెషల్ పేరుతో తిరిగొచ్చాక కనీస ఛార్జీ పది రూపాయల నుంచి ముప్పైకి చేరి, 2024 ఫిబ్రవరి దాకా అలాగే సాగింది.

కొత్త ఆస్పత్రుల స్థలాలు చూస్తే శానిటోరియం నాటి లెక్క మళ్లీ వచ్చినట్టుంది. మంగళగిరి ఎయిమ్స్‌కు ఇచ్చిన 183 ఎకరాలు పాత క్షయ శానిటోరియం నేలే. నెలల తరబడి పడుకునే రోగి కోసం ఎంచిన చోటికి ఇప్పుడు రోజూ వచ్చి పోయే ఓపీ రోగిని రమ్మంటున్నాం. హైదరాబాద్ కొత్తపేట పాత పండ్ల మార్కెట్‌లో టిమ్స్ ఆస్పత్రి కట్టడం ఇందుకు భిన్నం. పెద్ద రోడ్డూ మెట్రో రెండూ దగ్గరే, అలాంటి ఎంపికలు ఇంకా రావాలి.

ఉస్మానియా పాత భవనంలోకి 2020 జులైలో వాన నీళ్లు చేరాక ఇన్‌పేషెంట్లను ఖాళీ చేయించారు. గోషామహల్‌లో కొత్త ఆస్పత్రికి 2025 జనవరి 31న శంకుస్థాపన జరిగింది: 26 ఎకరాలు, 2000 పడకలు. అఫ్జల్‌గంజ్‌కు బస్సులు ఆస్పత్రి ఉందని రాలేదు, బజారు ఉందని వచ్చాయి. గోషామహల్‌కు ఆ బజారు లేదు. ఇమ్లిబన్‌లో దిగిన మనిషి అక్కడికి ఏ బస్సు ఎక్కాలన్నది గోడలు లేస్తుండగానే ఆర్టీసీ తేల్చాల్సిన ప్రశ్న. కొత్త గాంధీని జేబీఎస్‌తో, ఇమ్లిబన్‌తో ఒకే గీత మీదికి తేవడానికి పదిహేడేళ్లు పట్టింది.