చేతికుట్టు క్రిస్మస్ మేజోడు

డిసెంబరు 24 రాత్రి పిల్లలు ఖాళీగా వేలాడదీసి, తెల్లవారి లేచేసరికి చిన్న చిన్న కానుకలతో నిండి ఉండాలని ఆశపడే గుడ్డసంచి క్రిస్మస్ మేజోడు. అమెరికా, కెనడా, బ్రిటన్ దేశాల్లో బాగా వాడుకలో ఉంది. తొలినాళ్లలో కాళ్లకు తొడుక్కునే మేజోళ్లనే తగిలించేవారు. దీనికోసమే ప్రత్యేకంగా కుట్టడం తర్వాత వచ్చింది. ఇప్పుడు బజార్లో రకరకాలవి దొరుకుతున్నా, అమ్మమ్మో అత్తో పేరు కుట్టి ఇచ్చినదాన్ని ఆ ఇళ్లలో ప్రాణంగా దాచుకుంటారు. లోపల పెట్టిన మిఠాయి ఆ పూటకే అయిపోతుంది. మేజోడు మాత్రం ఏటేటా పెట్టెలోంచి బయటికి వస్తుంది.

దీని మూలకథ నాలుగో శతాబ్దంలో మైరా నగర బిషప్పుగా ఉన్న సెయింట్ నికొలాస్‌ది. మైరా అంటే నేటి తుర్కియేలోని దెమ్రే. కట్నం ఇచ్చుకోలేని ఓ తండ్రికి ముగ్గురు ఆడపిల్లలు. నికొలాస్ రాత్రివేళ ఎవరికీ తెలియకుండా వాళ్లింట్లోకి బంగారం విసిరి పెళ్లిళ్లు జరిగేలా చేశాడని ఐతిహ్యం. పాత కథనాల్లో ఆ మూట కిటికీలోంచి పడుతుంది. పొయ్యి దగ్గర ఆరేసిన మేజోట్లో పడిందనడం తర్వాత చేరిన ముచ్చట. మేజోడు కొసన నారింజపండు పెట్టే అలవాటు ఆ బంగారానికి గుర్తని చెబుతారు. ఇటలీలో మేజోళ్లు నింపే పని జనవరి 6కు ముందు రాత్రి బెఫానా అనే ముసలమ్మ చేస్తుంది. అల్లరి పిల్లలకు ఆమె తెచ్చేది బొగ్గు. 1823 డిసెంబరు 23న అమెరికాలోని ‘ట్రాయ్ సెంటినెల్’ పత్రిక రచయిత పేరు లేకుండా ఒక కవిత అచ్చువేసింది. క్లెమెంట్ క్లార్క్ మూర్ పేరుతో తర్వాత ప్రసిద్ధమైన ఆ కవితే పొగగొట్టం పక్కన వేలాడే మేజోళ్లను అక్కడి పండుగలో స్థిరపరచింది.

ఇంట్లోకి కొత్త మనిషి వచ్చినప్పుడు, అంటే కోడలు అడుగుపెట్టినా బిడ్డ పుట్టినా, మిగతా వరసకు జోడీ కుదిరేలా మరొకటి కుట్టడం అమెరికాలో చాలా కుటుంబాల ఆనవాయితీ. అందుకని బహుమతిగా కుట్టేవారు ముందు ఆ ఇంట్లో ఉన్నవాటిని చూసి రావాలి. పొడవెంత, పాదం ఏ వైపు తిరిగి ఉంది, పేరు ఎక్కడ ఉంది అన్నవి గమనించాలి. వరసలో ఒక్కటే పొట్టిగానో ఎడమొహంగానో ఉంటే, ఆ పేరుగల పిల్లకు అది ఎంత చిన్నతనంగా అనిపిస్తుందో పెద్దలకు తట్టదు.

సాధారణంగా పొడవు 18 అంగుళాలు, మూతి 7 అంగుళాల వెడల్పు ఉంటే సరిపోతుంది. మొదటిసారి కుట్టేవారికి ఫెల్ట్ అనువైనది. దాని అంచు పోగులు ఊడవు కాబట్టి లైనింగ్ లేకపోయినా నడుస్తుంది, బొమ్మలు కత్తిరించి అతికించి చుట్టూ బ్లాంకెట్ కుట్టు వేయొచ్చు. మఖమల్ చూపుకు గొప్పగా ఉంటుంది కానీ మిషన్ కింద జారిపోతుంది. ముందు చేత్తో కచ్చా కుట్టు వేసుకోవాలి, నూగు రెండు ముక్కల్లోనూ ఒకే దిక్కుకు ఉండాలి. పాత చీరలు, చిరిగిన బొంతల్లోని గట్టి భాగాలు కూడా పనికొస్తాయి. ఇచ్చేది ఆ ఇంటివాళ్లకే అయితే వాటిని మించిన బట్ట లేదు.

బట్టను సీదా వైపులు లోపలికి మడిచి రెండు పొరలూ కలిపి కత్తిరించాలి. విడివిడిగా, ఒకే వైపు నుంచి కత్తిరిస్తే రెండూ ఒకే పాదానివై, ఎదురెదురుగా పెట్టినప్పుడు కలవవు. కుట్టుకు అర అంగుళం వదిలి, మూతి తప్ప చుట్టూ కుట్టాలి. తిరగేసే ముందు చీలమండ దగ్గరి లోపలి వంపులో, కుట్టు తెగకుండా దానికి దగ్గరగా చిన్న చిన్న గాట్లు పెట్టాలి. మడమ, వేళ్ల గుండ్రాల దగ్గర మూడుకోణాల ముక్కలు తీసేయాలి. ఈ పనికి బద్ధకించినవారి మేజోడుకు ఎంత ఇస్త్రీ చేసినా ముడతలు పోవు. లైనింగ్‌ను పైబట్టకన్నా కొద్దిగా బిగువుగా కుడితే లోపల ఉండచుట్టుకోదు. తగిలించే నాడాను మడమ వైపు కుట్టులో కనీసం అంగుళం లోపలికి దించి, రానూపోనూ నాలుగుసార్లు కుట్టాలి. పళ్ల బరువంతా మోసేది అదే.

పేరు కుట్టడం పైపట్టీని మూతికి జోడించకముందే అయిపోవాలి. పట్టీ బయటికి మడత పడుతుంది. దాన్ని పైకి ఎత్తి చూసినప్పుడు పేరు లోపలి వైపున తలకిందులుగా ఉంటేనే మడిచాక తిన్నగా కనిపిస్తుంది. అమెరికాలో మనవలకు కుట్టే తెలుగువారు తెలుగులోనే పేరు రాయడం అందంగా ఉంటుంది. మన గుండ్రని అక్షరాలకు గొలుసు కుట్టు చక్కగా అమరుతుంది. అయితే ‘స్నేహ’, ‘ప్రణవ్’ వంటి పేర్లలో వత్తులు కిందికి దిగుతాయి కనుక అక్షరం ఎత్తులో కనీసం సగం జాగా కింద వదలాలి.

తెలుగు క్రైస్తవుల ఇళ్లలో పండుగంటే గుమ్మం ముందు నక్షత్రం, పశువుల పాక, కొత్త బట్టలు. పొగగొట్టపు పొయ్యి లేదు కనుక మేజోడు తగిలించేవారు కిటికీ ఊచలకో గోడ మేకుకో తగిలిస్తారు. మిషనరీల కాలం నుంచి నరసాపురం చుట్టుపక్కల ఆడవాళ్లు అల్లుతున్న క్రోషే లేసు పైపట్టీ అంచుకు చక్కగా కుదురుతుంది.

పసిబిడ్డలకు ఇచ్చేదాని మీద పూసలు, చమ్కీలు, గుండీలు వద్దు. ఊడి నోట్లోకి పోతాయి. వాటి బదులు దారంతోనే చుక్కలు కుట్టాలి. పొయ్యి వెలిగించే ఇళ్లలో మంట ఉన్నంతసేపూ మేజోళ్లను దూరంగా తీసి ఉంచాలి. ముదురు ఎరుపు నూలుబట్ట రంగు దిగుతుంది కాబట్టి కత్తిరించకముందే ఓసారి తడిపి ఆరేయాలి. ఊలుతో చేసినదైతే పండుగ అయ్యాక ఎండలో కాసేపు వేసి, నూలుగుడ్డలో చుట్టి, పురుగు పట్టకుండా వేపాకుతో దాచాలి.