ఊఁకొట్టు ప్రశ్న: పత్తికొండ మాట, ఇంగ్లీషు మాట

ఎదుటి మనిషి ఒక సంగతి చెప్పగానే అందులోని క్రియను అందుకుని ప్రశ్నగా తిప్పి పలకడం పత్తికొండ ప్రాంతపు మాటతీరులో ఉంది. "నిన్న ఆదోనికి పోయింటి" అని ఒకరంటే "పోయింటివా?" అని రెండోవారు అంటారు. "టమాట ధర పడిపాయన్నా" అంటే "పడిపాయనా?" అని వస్తుంది. ఇది తెలియక అడిగే ప్రశ్న కాదు, జవాబు ముందే వచ్చేసింది. వింటున్నాను, తర్వాత సంగతి చెప్పు అని తెలపడమే దీని పని. అందుకే దీన్ని ఊఁకొట్టు ప్రశ్న అనవచ్చు. ఇంగ్లీషులో డిడ్ యూ, ఆర్ యూ, హ్యాజ్ షీ వంటి పొట్టి ప్రశ్నలు సరిగ్గా ఇదే పని చేస్తాయి. అయినా ఇక్కడ ఇంగ్లీషు చదువుకున్నవారి నోట చాలాసార్లు అన్నిటికీ కలిపి "ఈజ్ ఇట్?" ఒక్కటే వినిపిస్తుంది. సొంత భాషలో ఉన్న నేర్పు పరాయి భాషలోకి ఎందుకు వెళ్లలేదన్నదానికి జవాబు ఈ సీమ చదువుల చరిత్రలో దొరుకుతుంది.

తెలుగులో ఈ ప్రశ్న కట్టడం తేలిక. క్రియ చివర దీర్ఘం చేరితే చాలు. మనిషిని బట్టి, మర్యాదను బట్టి క్రియే మారుతుంది: తోటివాడికి "వచ్చినావా?", పెద్దలకు "వచ్చినారా?". పక్కన అన్నా, అక్కా, సార్ చేరితే చనువో గౌరవమో స్పష్టమవుతుంది. ఇది ఇళ్లలోనూ రచ్చబండల దగ్గరా ఆగిపోయిన అలవాటు కాదు. బుర్రకథలో కథకుడికి ఇరువైపులా నిలిచే వంతలు పాటకు తాళం వేయడంతో ఊరుకోరు. మధ్యమధ్య ఆశ్చర్యపడతారు, కథకుడి మాటనే ప్రశ్నగా అందిస్తారు, ఆ ఊతంతో కథ ముందుకు కదులుతుంది. వినేవాడు నోరు విప్పితేనే చెప్పేవాడికి ఊపు వస్తుందని తెలిసిన సంప్రదాయం ఇది.

ఇక చదువుల చరిత్ర. పత్తికొండ ఉన్న దత్త మండలాలు 1800లో ఈస్టిండియా కంపెనీ చేతికి వచ్చాయి. 1807 దాకా వాటికి ప్రధాన కలెక్టరుగా ఉన్న థామస్ మన్రో గుడారాల్లో మకాం వేస్తూ ఊరూరా తిరిగి, దుబాసీ అవసరం లేకుండా రైతులతో మాట్లాడగలిగినవాడు. అంటే ఈ నేల మీద ఇంగ్లీషూ తెలుగూ తారసపడిన తొలి రోజుల్లో భాష నేర్చుకునే శ్రమ పాలకుడి మీదే పడింది. అది మామూలు మాటల భాష, పొలం గట్టున పలికే భాష. 1812లో మద్రాసులో నెలకొన్న ఫోర్ట్ సెయింట్ జార్జ్ కళాశాల కుర్ర దొరలకు దేశభాషలు నేర్పింది. అక్కడ చదువుకుని 1820లో కడపకు వచ్చిన సి.పి. బ్రౌన్ తర్వాత 1852లో ఇంగ్లీషు, తెలుగు నుడికారాల అభ్యాసాలతో 'వాక్యావళి' వెలువరించాడు. ఒక భాష పలుకుబడిని మరో భాష పలుకుబడి పక్కన పెట్టి చూపాలన్న ఆ ఆలోచన విలువైనది. బడుల్లో అది నిలిచి ఉంటే ఇంగ్లీషు చదువు మరో దారి పట్టేది.

మన్రో మద్రాసు గవర్నరయ్యాక 1822లో బడుల లెక్క తీయించాడు. పత్తికొండ అప్పటికి బళ్లారి జిల్లాలోది, కర్నూలు జిల్లాలో చేరింది 1858లో. బళ్లారి కలెక్టరు ఎ.డి. క్యాంబెల్ 1823లో పంపిన నివేదిక ప్రకారం జిల్లాలో 533 బడులున్నాయి. వాటిలో కన్నడం బడులు 235, తెలుగు బడులు 226. ఇంగ్లీషు బడి ఒకే ఒక్కటి. మన్రో 1827 జులై 6న పత్తికొండలోనే కలరాతో చనిపోయేనాటికి ఇక్కడి రైతు బిడ్డకు ఇంగ్లీషుతో పని లేదు.

పని కొలువుతో వచ్చింది. ప్రభుత్వం ఇంగ్లీషు చదువుకు మొగ్గిన 1835 తర్వాత, ముఖ్యంగా 1857లో మద్రాసు విశ్వవిద్యాలయం ఏర్పడ్డాక, ఇంగ్లీషు అంటే పరీక్ష, అర్జీ, దస్త్రం. వాక్యాన్ని అనువదించడం, వ్యాకరణ సూత్రం ఒప్పజెప్పడం చదువైంది. సంభాషణకు అందులో చోటు లేదు. కర్నూలు ఆంధ్ర రాష్ట్రానికి రాజధానిగా ఉన్న 1953–56 ప్రాంతంలో వాక్య నమూనాల పద్ధతి వ్యాప్తిలోకి వస్తోంది. 1958లో హైదరాబాదులో కేంద్రీయ ఆంగ్ల సంస్థ మొదలైంది. పిల్లలు "యెస్, ఐ డిడ్", "నో, ఐ డిడ్ నాట్" అని గొంతు కలిపి పలకడం నేర్చారు. లోపం ఒకటి మిగిలిపోయింది: తరగతిలో అడిగేది అయ్యవారు, చెప్పేది పిల్లలు. పిల్లవాడు సంగతి చెబితే అయ్యవారు కుతూహలంగా "డిడ్ యూ?" అనడం గానీ, అయ్యవారితో పిల్లవాడు అలా అనడం గానీ అరుదు. సమానుల మధ్య పుట్టే మాట కాబట్టి అది పాఠంలోకి రాలేదు. ఆ ఖాళీలోకి, మనిషి మారినా కాలం మారినా మారని "అవునా?", "అట్లనా?" అనువాదమై "ఈజ్ ఇట్?" రూపంలో వచ్చి కూర్చుంది.

నిజానికి తెలుగువాడికి ఇంగ్లీషు పద్ధతి కొత్తేమీ కాదు. ఇంగ్లీషు కూడా చెప్పిన వాక్యం నుంచే ప్రశ్న తీస్తుంది, కాకపోతే అసలు క్రియను వదిలి సహాయక క్రియను పట్టుకుంటుంది. "ఐ యామ్ టైర్డ్" అంటే "ఆర్ యూ?", "షి హ్యాజ్ లెఫ్ట్" అంటే "హ్యాజ్ షీ?". సహాయక క్రియ లేనిచోట "డూ" ఆ పని చేస్తుంది: "ఐ వెంట్ టు ఆదోని" అంటే "డిడ్ యూ?". కాదన్న మాటకు ప్రశ్న కూడా కాదన్న రూపంలోనే వస్తుంది. "కాఫీ తాగను" అంటే మనం "తాగవా?" అంటాం, "ఐ డోంట్ డ్రింక్ కాఫీ" అంటే వాళ్లు "డోంట్ యూ?" అంటారు. రెండు భాషలూ ఇక్కడ ఒకే అచ్చులో పోసినట్టుంటాయి.

తేడా మర్యాద దగ్గర ఉంది. ఇంగ్లీషులో చిన్నాపెద్దా అందరికీ "యూ" ఒక్కటే. రా, వా అన్న తేడా లేదు, అన్నా, అక్కా లేవు. ఆ భారమంతా గొంతు మోయాలి. చివర స్వరం కొంచెం లేస్తే ఆసక్తి తెలుస్తుంది. చప్పగా దించితే విసుగనిపిస్తుంది, గట్టిగా ఒత్తితే నమ్మడం లేదన్న అర్థం రావచ్చు. ప్రతి వాక్యానికీ తగిలించినా ఎబ్బెట్టే. అని ఊరుకోకుండా "హావ్ యూ? వెన్?" అన్నట్టు మరో చిన్న మాట కలిపితే సంభాషణ సాగుతుంది.

"ఈజ్ ఇట్?"ను పూర్తిగా తప్పనడం న్యాయం కాదు. సింగపూరు, దక్షిణాఫ్రికా ఇంగ్లీషుల్లోనూ అది అన్ని సందర్భాలకూ వాడుకలో ఉంది. "ఇట్ ఈజ్ హాట్" అన్నప్పుడు ఎక్కడైనా అదే సరైన ప్రశ్న. అయితే అది అలవాటు లేని శ్రోతకు "మై ఫాదర్ కేమ్" అన్నాక "ఈజ్ ఇట్?" వినబడితే తన మాట సరిగా వినలేదేమోనన్న అనుమానం కలగవచ్చు.

పత్తికొండ బడుల్లో ఇంగ్లీషు చెప్పే అయ్యవార్లు ఈ పాఠాన్ని సూత్రంతో కాక "పోయింటివా?"తో మొదలుపెట్టాలి. సగం పాఠం పిల్లలకు వచ్చే ఉంది.